ఆ మ్యూట్ నొక్కింది నేను కాదు

దయ్యాల మాట వస్తే నేను భయపడే రకం కాదు, తగువు పెట్టుకునే రకం. కరీంనగర్‌లో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ వెనక ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని పిల్లలంతా ఒక్క గదిలో ముడుచుకుని కూర్చుంటే, వెళ్ళి కారుతున్న పైపును చూపించి, వార్డెన్‌తో సహా అందరినీ తిట్టి వచ్చాను. చదివింది ఫిజిక్సు. పరీక్ష రాసి మర్చిపోవడానికి చదవలేదు. పెళ్ళయ్యాక మా అత్త గుమ్మానికి దిష్టికని కట్టిన నిమ్మకాయలు విప్పి పులిహోరలో పిండాను. ఆమె కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నాకు ప్రాణం హాయిగా ఉండింది.

అలాంటిదాన్ని ఇది రాయడానికి కూర్చున్నానంటే కారణం ఉంది. మా గోదావరిఖని కాలనీలో సగం మంది ఒక పని నేనే చేశానని నమ్ముతున్నారు. మిగతా సగం, చనిపోయిన ఒకాయన చేశాడని నమ్ముతున్నారు. మొదటి సగం చెప్పేది అబద్ధం, ఎందుకంటే నేను చేయలేదు. రెండో సగం చెప్పేది నేను నమ్మను. మరి ఎవరు చేశారమ్మా అంటే నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండా నోరు మూసుకుని ఉండటం నాకు అలవాటు లేని పని. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తున్నాను. మీకేమైనా తోస్తే మీరే చెప్పండి.

మాది సౌండ్ సర్వీసు. మా ఆయన సదానందం పెళ్ళికి ముందు నుంచే మైకులు, బాక్సులు కిరాయికిచ్చేవాడు. నేను కొన్నేళ్ళు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, యాజమాన్యంతో గొడవపడి మానేసి, ఈ పనిలోకి వచ్చాను. ఇదివరకు మిక్సర్ అంటే బల్లంత ఉండేది, దాని నిండా బుడిపెలు. ఇప్పుడు మేం వాడేది డిజిటల్ మిక్సర్. చూడటానికి వట్టి ఇనుప పెట్టె. మైకుల వైర్లు అన్నీ దానికి గుచ్చి పక్కన చిన్న రౌటర్ పెడతాం. పెంచాలన్నా తగ్గించాలన్నా అంతా యాప్‌లోనే. యాప్ లేకపోతే దాని మీద చెయ్యి పెట్టడానికి ఒక్క బుడిపె కూడా లేదు.

మొదట్లో ఆ యాప్ ఒక్క రకం ట్యాబులోనే నడిచేది. తర్వాత ఏ ఫోనులోనైనా, ఏ ట్యాబులోనైనా, కంప్యూటర్‌లోనైనా నడిచేట్టు చేశారు. అప్పటి నుంచి మా ఆయన చేతిలో ట్యాబు, నా చేతిలో ఫోను. ఆయన స్టేజీ పక్కన పెట్టె దగ్గర కూర్చుంటాడు. నేను జనంలో కూర్చుని, జనానికి ఎలా వినబడుతోందో విని, అక్కడి నుంచే సరిచేస్తాను. ఒక్కో మైకుకు ఒక్కో గీత ఉంటుంది, ఆయన ట్యాబులో దాన్ని పైకి జరిపితే నా ఫోనులో అదే గీత దానంతటదే పైకి పోతుంది. నేను కిందికి లాగితే ఆయన దాంట్లో కిందికి దిగుతుంది. ఎవరు జరిపారో మాత్రం యాప్ చెప్పదు. మొగుడూ పెళ్ళాల మధ్య కొట్లాటలకు ఇంతకంటే మంచి మిషన్ ఇంకెవరూ కనిపెట్టలేరు.

ఇక అసలు విషయం.

మా వెనక లైను క్వార్టర్లలో రాజమల్లు అని గని కార్మికుడు ఉండేవాడు. ఇంకా సర్వీసు మిగిలి ఉండగానే, ఒక రోజు డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, టీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. భార్య లచ్చవ్వ, కొడుకు శ్రీను, కూతురు స్వరూప. శ్రీను ఇసుక లారీల వెంట తిరుగుతాడు, భార్యా పిల్లలతో వేరే ఉంటున్నాడు. స్వరూపకు భర్తతో విడాకులయ్యాయి. చిన్న పాపను తీసుకుని తండ్రి దగ్గరికే వచ్చేసింది. ఇంటి పనీ, తండ్రి షిఫ్టుకు టిఫిన్ బాక్సు కట్టడం, తల్లి మందులూ అన్నీ ఆమే చూసేది.

గని మనుషులకు చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్ళకు చెప్తాను. సర్వీసులో ఉండగా చనిపోతే ఇంట్లో ఒకరికి ఆ నౌకరి ఇస్తారు. ఎవరికివ్వాలో భార్య సంతకం పెట్టాలి. నౌకరి ఎవరికొస్తే క్వార్టర్ వాళ్ళది. అంటే శ్రీనుకు వస్తే స్వరూప, పాప ఆ ఇంట్లో వదిన దయ మీద ఉండాలి. ఆ వదిన సంగతి నాకు తెలుసు. ఉండనివ్వదు.

రాజమల్లు బతికుండగా నౌకరి గురించి ఏమన్నాడు? కొడుకేమో నాకే అన్నాడంటాడు. స్వరూప నాతో చెప్పిన మాట ఇది: "బాపు నాతోటి చెప్పిండక్క. నౌకరి నువ్వే చెయ్యాలె, నీ కాళ్ళ మీద నువ్వుండాలె బిడ్డా అన్నడు. అప్పుడు ఇంట్ల ఎవ్వలు లేరు. సాక్ష్యం యాడికెళ్ళి తేవాలె?"

లచ్చవ్వ ఎటూ తేల్చలేదు. అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు. "ఆయన మాట దాటి నేనెన్నడన్న ఉన్ననా? ఆయన ఎట్ల చెప్తే గట్ల." చనిపోయినాయన ఎట్లా చెప్తాడమ్మా అని నేను అడగబోతే మా ఆయన నా చెయ్యి గిల్లాడు.

ఎట్లా చెప్తాడంటే, ఇట్లా. మా దగ్గర దినాల నాడు, అంటే పెద్దకర్మ రోజు, ఒగ్గు కథ పెట్టించే ఆచారం ఉంది. కథ మధ్యలో ఒక ఘట్టం వస్తుంది. కథకుడు చనిపోయిన మనిషైపోతాడు. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలుస్తాడు. అక్కాచెల్లెళ్ళను, పిల్లలను పిలుస్తాడు. పోతున్నానే అని ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకుంటాడు. ఎవరి పేరేమిటి, ఎవరిని ఏమని పిలిచేవాడు, ఏం తిట్టేవాడు, ఇవన్నీ ఇంటివాళ్ళే ముందు చెప్పి పెడతారు. ఆ సంగతి అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసి కూడా ఆ మాట రాగానే గుండెలు బాదుకుంటారు. లచ్చవ్వ లాంటి వాళ్ళు మాత్రం తెలియదన్నట్టే ఉంటారు. ఆయనే వచ్చి మాట్లాడాడనుకుంటారు.

రాజమల్లు దినాల నాడు పొద్దున్నే వెళ్ళి లైన్లో టెంటు కింద బాక్సులు పెట్టాం. కథకుడు ఎల్లయ్య, మంథని దగ్గరి ఊరు. మేం చాలాసార్లు ఆయనకు సౌండ్ పెట్టాం. ఎల్లన్నా అంటాను. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదని మా ఆయన ఎప్పుడూ అంటాడు. నేను ఆయన మైకు స్టాండు ఎత్తు సరిచేస్తుంటే శ్రీను వచ్చాడు. నన్ను చూసి కూడా గొంతు తగ్గించలేదు.

"తాతా, గా మాట మర్వకు జర. అవ్వ ముంగటనే చెప్పాలె. నా పేరు పెట్టి చెప్పాలె."

"మర్వ బిడ్డా, నువ్వు పో."

శ్రీను అటు పోగానే అడిగాను. "ఏం మాట ఎల్లన్నా?"

"ఏముంటది చెల్లె. నౌకరి కొడుక్కియ్యమని."

"రాజమల్లన్న నీకు చెప్పిండా గట్లని?"

ఆయన నవ్వాడు. "ఇంటోళ్ళు చెప్పింది పాడుతం. సచ్చినాయన అచ్చి మాకు చెప్తడా?"

"ఇంటోళ్ళల్ల బిడ్డ లేదా? ఆమెను అడిగినవా?"

"అగో, నువ్వు ప్లీడరువు గావాల్సింది. మైకు సూడు చెల్లె."

వదిలిపెట్టలేదు నేను. వంటల దగ్గర శ్రీనును పట్టుకుని అడిగేశాను, పోయిన తండ్రి నోట్లో నీ మాట పెడుతున్నావే, సిగ్గుందా అని. "ఆడిపిల్లకు బాయి నౌకరేందక్క, నీకెందుకక్క గీ పంచాయితి, నువ్వు డబ్బాలు పెట్టుటానికి అచ్చినవ్" అన్నాడు. బాయి అంటే మా దగ్గర గని. మా ఆయన కూడా అదే మాట కొంచెం మర్యాదగా అన్నాడు. నలుగురూ విన్నారు. నేను స్వరూప వైపు ఉన్నానని మధ్యాహ్నానికల్లా లైను లైనంతటికీ తెలుసు. ఇది గుర్తుంచుకోండి, నా మీద నింద పడటానికి ఇదే మూలం.

ఇంకొకటి కూడా దాచను. ఆ మాట వచ్చినప్పుడు మైకు ఆపేస్తే ఎలా ఉంటుంది అన్న ఆలోచన నాకు వచ్చింది. ఫోనులో ఒక్క ముట్టు ముడితే చాలు. వచ్చింది, పోయింది. ఒక్క వేలితో ఆపేస్తే రేపు ఇంట్లో కూర్చోబెట్టి మళ్ళీ చెప్పిస్తారు, ఏం లాభం అనుకున్నాను. అంతే.

భోజనాలయ్యాక కథ మొదలైంది. ఎండ బాగా ఉంది. టెంటు కింద ఆడవాళ్ళంతా ముందు, మగవాళ్ళు వెనక. లచ్చవ్వ మొదటి వరసలో. నేను ఆడవాళ్ళ పక్కన టెంటు కర్రకు ఆనుకుని కూర్చున్నాను. సౌండ్ అద్భుతంగా కుదిరింది. మొత్తం నాలుగు మైకులు. ఎల్లన్నకొకటి, వంత పాడే ఇద్దరికీ రెండు, డోలుకొకటి.

ఘట్టం వచ్చింది. ఎల్లన్న తలకు తువ్వాలు చుట్టాడు, రాజమల్లు చుట్టుకునేట్టే, ఒక కొస చెవి మీదికి వదిలి. గొంతు మార్చాడు. "లచ్చీ" అన్నాడు. లచ్చవ్వ ఒక్కసారి పైకి లేచి కూలబడింది. రాజమల్లు చెల్లెలిని పిలిచాడు. స్వరూపను పిలిచాడు. "పోతున్ననే బిడ్డా, ఇంకెవ్వలకు బాక్సు కడ్తవే" అన్నాడు. నేను నమ్మను గానీ ఏడ్చాను. ఎడమ చేతిలో ఫోను, కుడిచేత్తో కొంగు పట్టుకుని ముక్కు తుడుచుకుంటున్నాను. నా చేతులు ఎక్కడున్నాయో నాకు తెలుసు.

ఎల్లన్న శ్రీను వైపు తిరిగాడు. "కొడుకా శ్రీనూ, నా నౌకరి" అన్నాడు. అక్కడితో బాక్సుల్లోంచి ఆయన గొంతు తెగిపోయింది.

డోలు మోగుతూనే ఉంది. తాళాలు మోగుతున్నాయి. ఎల్లన్న నోరు కదులుతోంది. డోలు హోరులో ఆయన ఒట్టి గొంతు మొదటి వరసకు కూడా అందలేదు. ఫోను చూశాను. ఆయన మైకు గీత దగ్గర మ్యూట్ బటన్ ఎర్రగా వెలుగుతోంది. దాని పక్కన మీటరు మాత్రం పచ్చగా ఎగురుతోంది. అంటే మైకు బాగుంది, గొంతు పెట్టెదాకా వస్తోంది, బయటికి పోవడమే లేదు. మా ఆయన చెయ్యి తగిలిందనుకుని మ్యూట్ తీశాను.

ఎల్లన్న అనుభవం ఉన్నవాడు. చిన్న రాగం తీసి, మళ్ళీ చెల్లెలి దగ్గర నుంచి ఎత్తుకున్నాడు. అంతా శుభ్రంగా వినబడింది. శ్రీను దగ్గరికి వచ్చింది. "నా నౌకరి" దగ్గర మళ్ళీ ఎరుపు. ఈసారి నేను ఫోను చూస్తూనే ఉన్నాను. ఎవరో నొక్కినట్టే బటన్ ఎర్రబడింది. తలెత్తి చూస్తే, స్టేజీ పక్క నుంచి మా ఆయన నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. కాపురం మొదలైనప్పటి నుంచి చూస్తున్నాను.

జనం మధ్య నుంచి వంగి వంగి నా దగ్గరికి వచ్చాడు. "ఎందుకు కొడ్తున్నవే మ్యూట్? మన ఇజ్జత్ తీస్తవా?"

"నేనెందుకు కొడ్త? నువ్వు కొడ్తున్నవనుకున్న."

"నాకేం పని?"

"నాకేం పని మరి?"

నా ఫోను గుంజుకుని, స్విచ్చాఫ్ చేసి, జేబులో వేసుకుని పోయి, ట్యాబులో మ్యూట్ తీశాడు. కట్టుకున్నవాడే నమ్మలేదు, ఇక ఊరిని ఏమనాలి.

మూడోసారి ఎల్లన్న ఆ మాట దగ్గరికి వచ్చాడు. మళ్ళీ తెగింది. మా ఆయన రెండు చేతులూ పైకెత్తి ట్యాబు వైపు చూస్తూ ఉన్నాడు, పోలీసులు చేతులెత్తమన్నట్టు. ఆ క్షణానికి నా మీద ఆయనకున్న అనుమానం పోయింది. కానీ జనానికి అదెట్లా తెలుస్తుంది? వాళ్ళు చూసింది, ఆయన నా దగ్గర ఫోను గుంజుకోవడమే. శ్రీను నా మీదికి వచ్చాడు. "గీమెనే! పొద్దున్నుంచి గీమెకు కడుపుల మంట!" ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. నేనూ మాట పడే రకం కాదు కాబట్టి నాలుగు అన్నాను. అవి ఇక్కడ రాయను.

మా ఆయనకు ఇంకో అనుమానం. యాప్ ఎవరి ఫోనులోనైనా నడుస్తుంది. రౌటర్ పాస్‌వర్డ్ పట్టుకుని జనంలో ఎవడైనా ఆకతాయి ఆడుతున్నాడేమో. సరైన అనుమానమే, నేనైనా అదే అనుకునేదాన్ని. మ్యూట్ తీసేసి, రౌటర్ వైరే పీకేశాడు. ట్యాబులో కనెక్షన్ లేదని వచ్చింది. ఇప్పుడు ఆ పెట్టెకు ఏ ఫోనూ, ఏ ట్యాబూ అందవు. ఉన్నది ఉన్నట్టుగా నడవాలి, అంతే.

ఎల్లన్న నాలుగోసారి ఎత్తుకున్నాడు. "లచ్చీ" వినబడింది. "బిడ్డా" వినబడింది. "నా నౌకరి" దగ్గర తెగింది. పక్కన వంత పాడేవాళ్ళ మైకుల్లో వాళ్ళ గొంతులు ఖంగుమంటున్నాయి. ఆయనది ఒక్కటే లేదు. ఆ నాలుగోసారి కూడా ఎల్లన్న ఒట్టి గొంతు తమకు వినబడిందని ఆ ఇద్దరూ తర్వాత ఒట్టేసి చెప్పారు. అంటే అప్పటికి గొంతు ఉంది.

మా ఆయన రౌటర్ మళ్ళీ పెట్టాడు. నేను లేచి స్టేజీ దగ్గరికే పోయి ట్యాబు చూశాను. ఇక్కడే నా తల తిరిగింది. మ్యూట్ లేదు. గీత ఉండాల్సిన చోటే ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎల్లన్న ఎదురుగా నిలబడి నోరంతా తెరిచి పాడుతున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. మీటరు మాత్రం కదలడం లేదు. ఇంతకుముందు గొంతు పెట్టెదాకా వచ్చి ఆగింది. ఇప్పుడు మైకులోకే రావడం లేదు.

వైరు పోయిందనుకుని మైకు తీసి గోటితో కొట్టాను. టక్ టక్ అని బాక్సుల్లో మోగింది, మీటరు ఎగిరింది. "హలో" అన్నాను. నా గొంతు లైనంతా వినబడింది. మైకు ఆయన చేతికిచ్చాను. ఆయన నోరు తెరిచాడు. మీటరు పడుకునే ఉంది.

డోలు కొట్టే మనిషి చెయ్యి ఆపేశాడు. అప్పుడు తెలిసింది. నేను ఆయనకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. అంతమంది జనం ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. ఎల్లన్న పాడుతూనే ఉన్నాడు, పెదవులు, నాలుక, చేతి విసురు అన్నీ సరిగ్గా మాట ప్రకారం పోతున్నాయి. నాకు వినబడింది ఊపిరి మాత్రమే. తిత్తి ఊదితే వచ్చే గాలిలాంటిది. చాలాసేపు పాడాడు. పాడేది అయిపోయినట్టు చేతులు జోడించాడు. అప్పుడు మా ముఖాలు చూశాడు. ఏమైందన్నట్టు అడగబోయాడు. ఆ అడగడం కూడా బయటికి రాలేదు. మొదటిసారి ఆయన కళ్ళలో భయం చూశాను.

లచ్చవ్వ లేచింది. "ఇగ సాలు. ఆయనకు ఇష్టం లేదు. ఇడిసిపెట్టున్రి" అంది. తువ్వాలు ఎల్లన్న తల మీద నుంచి ఆమే తీసి మడత పెట్టి లోపలికి పట్టుకుపోయింది.

ఆ తర్వాత ఆమె స్వరూప పేరు మీద సంతకం పెట్టింది. శ్రీను తరఫు చుట్టాలు పంచాయితీ పెట్టి మమ్మల్ని పిలిచారు. మేం ప్రతి కార్యక్రమం పెన్ డ్రైవ్‌లో రికార్డు చేస్తాం, బాక్సుల్లోకి పోయేదంతా అందులో ఎక్కుతుంది. అది వినిపించాం. ఆ మాట వచ్చిన ప్రతిచోటా డోలు, తాళాలు, వంత గొంతులు మాత్రమే ఉన్నాయి. "మ్యూట్ కొడితె గిట్లనే ఉంటది గదా" అన్నారు. నిజమే, మ్యూట్ కొడితే అట్లాగే ఉంటుంది. ఫోను ఆఫ్ చేశాం, రౌటర్ పీకేశాం అంటే, "గవన్ని మీ మొగుడు పెండ్లాల నాటకాలు" అన్నారు.

స్వరూప స్వీటు డబ్బా పట్టుకుని వచ్చింది. "నువ్వు చేసింది సచ్చేదాంక మర్వనక్క" అంది. నేను చేయలేదే అన్నాను. గట్టిగా చెప్పాను, ఒట్టేసి చెప్పాను. ఆమె చిన్నగా నవ్వింది. "సరే అక్క, నువ్వు చెయ్యలే. ఎవ్వలన్న అడిగితే నేను గూడ గట్లనే చెప్త."

ఇదీ నా గతి. చేయని మేలుకు దండాలు, చేయని పాపానికి తిట్లు.

మామూలు బుర్రతో నేను ఆలోచించని కారణం లేదు. యాప్‌లో లోపం ఉందనుకోండి. పెట్టె వేడెక్కి దానంతటదే మ్యూట్ అవుతోందనుకోండి. ఆ తర్వాత అదే పెట్టెతో ఎన్నో కార్యక్రమాలు చేశాం, ఒక్కసారి కూడా అట్లా కాలేదు. సరే, ఆ రోజే అయ్యిందనుకుందాం. మరి ఎల్లన్న గొంతు? కరీంనగర్‌లో గొంతు డాక్టరు కెమెరా వేసి చూశాడు. స్వరపేటిక శుభ్రంగా ఉంది, రెండు తీగలూ కదులుతున్నాయి, మాట రాకపోవడానికి కారణం కనిపించడం లేదు, మనసుకు సంబంధించిన డాక్టరుకు చూపించండి అన్నాడు. తప్పు చేస్తున్నానన్న బాధ లోపల ఉంటే గొంతు పడిపోవచ్చునని నేనూ చదివాను. ఒప్పుకుంటాను. కానీ ఎల్లన్న మనసులో బాధ మా పెట్టెలో మ్యూట్ ఎట్లా నొక్కుతుంది? మిషన్ లోపం మనిషి గొంతు ఎట్లా మూస్తుంది? ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పవచ్చు. రెండూ ఒకే మాట దగ్గర ఎందుకు ఆగాయో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి. ఒకవేళ రాజమల్లే చేశాడనుకుందాం, మాట వరసకు. అయితే నాకు ఆయన మీద కోపం. తగువు కొడుకుతో పెట్టుకోవాలి. ఇంటివాళ్ళు చెప్పింది పాడి పొట్ట పోసుకునే మనిషి గొంతు మింగడమేమిటి?

కొన్నాళ్ళకు మేమిద్దరం ఎల్లన్నను చూడటానికి వాళ్ళ ఊరు వెళ్ళాం. ఆయన భార్య మల్లవ్వ గడప దగ్గరే ఆపేసింది. "ఏం మొఖం పెట్టుకొని అచ్చినవమ్మా? నీ మిషిను పెట్టి నా మొగని గొంతు గుంజినవ్. గిప్పుడు గొర్లను గూడ కేకేస్తలేడు." మా ఆయనే ఏదో నచ్చజెప్పాడు.

ఎల్లన్న అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నాడు. సగమైపోయాడు. నన్ను చూసి రమ్మన్నాడు. ఆయన చెప్పాలనుకున్నది ఊపిరితో, ఒక్కో ముక్కా చెవి దగ్గర పెట్టుకుని వింటే తెలుస్తుంది. రికార్డింగు ఉందా అని అడిగాడు. ఉందన్నాను. వినిపించమన్నాడు.

ఫోను ఆయన పక్కన మంచం మీద పెట్టి, చివరిసారి పాడిన చోటు నుంచి పెట్టాను. "లచ్చీ" వచ్చింది. తన గొంతు విని ఆయన కళ్ళు మూసుకున్నాడు. "బిడ్డా" వచ్చింది. "నా నౌకరి" వచ్చింది, తెగింది. మాకు డోలు వినబడుతోంది. ఎల్లన్న ముఖం మాత్రం మారింది. వింటున్నవాడి ముఖం అది. ఒట్టి డోలును అట్లా వినరు. తల ఊపుతున్నాడు. ఒకచోట వేలు పైకెత్తాడు, విను అన్నట్టు. పెదవులు వెంట వెంట కదులుతున్నాయి. డోలు ఆగిన తర్వాత కూడా వింటూనే ఉన్నాడు. ఆ తర్వాత చేతులు జోడించాడు. కళ్ళ వెంట నీళ్ళు.

మల్లవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆమెకూ ఏమీ వినబడటం లేదు.

"ఇనబడుతలేదా చెల్లె?" అన్నాడు ఎల్లన్న, ఊపిరితోనే.

"లేదన్నా. నీకు ఇనబడుతుందా?"

తల ఊపాడు. "ఆయనే. నాది కాదు గా గొంతు. ఆ దినం గూడ ఇనబడ్డది. మీకు గూడ ఇనబడుతుందనుకున్న."

నా నోరు ఊరుకోదు కదా. అడిగేశాను. "ఎవలి పేరు చెప్తున్నడన్నా? శ్రీను పేరా, స్వరూప పేరా?"

ఎల్లన్న నా వైపు జాలిగా చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "నౌకరి ముచ్చటే కాదు చెల్లె."

"మరేం ముచ్చట?"

మళ్ళీ పెట్టమని వేలితో ఫోను చూపించాడు.

రికార్డింగు ఆయన ఫోనులో వేసి వచ్చాం. రోజూ వింటాడట. మల్లవ్వ ఫోన్ చేసి చెప్పింది. గొంతు ఇప్పటికీ రాలేదు, కథ చెప్పడానికి ఆయన తమ్ముడు పోతున్నాడు.

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం చివరిదాకా పెంచి, ఎన్నోసార్లు విన్నాను. డోలు, తాళాలు, వంత గొంతులు, మైకు మీద నా గోటి టక్ టక్, నా హలో, ఎక్కడో ఒక పాప ఏడుపు. డోలు ఆగాక జనం దగ్గులు. అంతకుమించి ఏమీ లేదు. ఎల్లన్న ఏం వింటున్నాడో, ఎట్లా వింటున్నాడో, ఆ మ్యూట్ ఎవరు నొక్కారో నాకు తెలియదు. తెలియదని ఇట్లా కాగితం మీద రాయడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

స్వరూప రోజూ డ్యూటీకి పోతోంది. మా ఇంటి ముందు నుంచే, టిఫిన్ బాక్సు పట్టుకుని. బాపు మాట నిలబెట్టిండక్క అంటుంది. అది నౌకరి ముచ్చటే కాదని ఎల్లన్న చెప్పిన ఆ ఒక్క మాట నేను ఆమెకు చెప్పలేదు. లచ్చవ్వకు కూడా చెప్పలేదు. చెప్పను.